ప్రోగ్రాం రాయడం కంప్యూటర్‌కే నేర్పిన అడ్మిరల్

ఈమధ్య మనవాళ్లు ఏ నలుగురు ఒకచోట చేరినా, మాట తిరిగి తిరిగి అక్కడికే వస్తోంది. కోడ్ రాసే పని ఏఐ చేసేస్తుంటే మన ఉద్యోగాల సంగతేమిటి? హెచ్-1బీ మీద ఉన్నవారిది ఒక దిగులు. ఇల్లు కొని కంతులు కడుతున్నవారిది మరో దిగులు. కంప్యూటర్ సైన్స్‌లో సీటు తెచ్చుకున్న పిల్లలున్న ఇంట్లో అది ఇంకో రకం దిగులు.

ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. 70 ఏళ్ల కిందటే, ప్రోగ్రాం రాయడంలో పెద్ద భాగం యంత్రమే చేసుకోగలదని ఒక మహిళ చేసి చూపించారు. అప్పటి ప్రోగ్రామర్లలోనూ ఇదే గుబులు పుట్టింది. ఆమె పేరు గ్రేస్ హాపర్. లెక్కల ప్రొఫెసర్‌గా మొదలై అమెరికా నౌకాదళంలో రియర్ అడ్మిరల్ స్థాయికి వెళ్లారు. 1990ల చివర్లో మన కుర్రాళ్లు ఎందరినో విమానం ఎక్కించిన కోబాల్ భాషకు వేళ్లు ఆమె పనిలోనే ఉన్నాయి. ఆమె జీవితం తెలిస్తే ఇవాళ్టి దిగులు తీరిపోతుందని చెప్పలేం కానీ, దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో కొంత తేటపడుతుంది.

గడియారాలు విప్పిన పిల్ల

గ్రేస్ బ్రూస్టర్ ముర్రే 1906 డిసెంబర్ 9న న్యూయార్క్‌లో పుట్టారు. ముగ్గురు పిల్లల్లో పెద్దది. తండ్రి బీమా వ్యాపారి, తల్లికి లెక్కలంటే ఇష్టం. ఏడేళ్ల వయసులో అలారం గడియారం ఎలా మోగుతుందో చూడాలని గ్రేస్ ఒకటి విప్పింది. తిరిగి బిగించడం రాలేదు. సంగతి తెలుసుకోవడానికి రెండోది విప్పింది, ఆపైన మూడోది. తల్లి కంటబడేసరికి ఇంట్లో ఏడు గడియారాలు ముక్కలై ఉన్నాయి. తల్లి కొట్టలేదు. ఇకపై ఒక్క గడియారంతోనే ఆడుకోమని కట్టడి చేసింది.

తండ్రికి రక్తనాళాల జబ్బుతో కాళ్లు తీసేయాల్సి వచ్చింది. తాను ఎంతకాలం ఉంటానో తెలియదు కాబట్టి, ఆడపిల్లలు కూడా కొడుకుతో సమానంగా చదివి సొంతకాళ్లపై నిలబడాలని ఆయన పట్టుబట్టారు. వందేళ్ల కిందటి అమెరికాలో అది మామూలు మాట కాదు.

వాసర్ కాలేజీలో చేరబోతే లాటిన్‌లో మార్కులు చాలక మొదటిసారి సీటు రాలేదు. ఏడాది ఆగి చేరారు. 1928లో గణితం, భౌతికశాస్త్రాలతో డిగ్రీ పూర్తిచేశారు. యేల్ విశ్వవిద్యాలయంలో 1930లో ఎంఏ, 1934లో గణితంలో పీహెచ్‌డీ సాధించారు. 1930లోనే సాహిత్యం బోధించే విన్సెంట్ హాపర్‌ను పెళ్లి చేసుకున్నారు. చదివిన వాసర్‌లోనే 1931 నుంచి పాఠాలు చెప్పారు. ఆ జీవితం అలాగే సాగి ఉంటే ఆమె ఒక మంచి లెక్కల టీచరమ్మగా మిగిలిపోయేవారు.

వద్దన్నా వదలని నౌకాదళం

1941 డిసెంబర్‌లో పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగింది. ముత్తాత నౌకాదళంలో పనిచేసిన కుటుంబం ఆమెది. తానూ చేరతానని వెళ్లారు. వయసు 34 దాటిందని, ఎత్తుకు తగ్గ బరువు లేదని తిప్పి పంపారు. పైగా లెక్కల ప్రొఫెసర్‌గా ఆమె చేసే పనే యుద్ధానికి అవసరమని చెప్పారు. ఆమె వినలేదు. కాలేజీ నుంచి సెలవు సంపాదించి, బరువు విషయంలో మినహాయింపు తెచ్చుకుని, 1943 డిసెంబర్‌లో నౌకాదళ మహిళా రిజర్వులో చేరారు. తనకంటే పదిహేనేళ్లు చిన్నవాళ్లతో కలిసి శిక్షణ పొంది, బ్యాచ్‌లో మొదటి స్థానంలో నిలిచారు.

1944 వేసవిలో ఆమెను పంపింది ఓడ మీదికి కాదు, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఒక భవనంలోకి. అక్కడ హోవర్డ్ ఐకెన్ అనే కమాండర్ చేతికింద మార్క్-1 అనే యంత్రం ఉంది. పొడవు 51 అడుగులు, ఎత్తు 8 అడుగులు, బరువు దాదాపు 5 టన్నులు. కూడిక అయితే సెకనుకు మూడు చేసేది. గుణకారానికి సెకన్లు పట్టేవి, భాగహారానికి పావు నిమిషం. అయినా చేత్తో నెలలు పట్టే లెక్కలను రోజుల్లోకి తెచ్చింది. అది అక్కడ ఉందన్న సంగతే ఆమెకు అంతకుముందు తెలియదు.

ఫిరంగి గుళ్ల గమనం, నౌకాదళానికి కావలసిన గణిత పట్టికలు, ఇలా రాత్రీపగలూ లెక్కలు నడిచేవి. 1944లో జాన్ వాన్ న్యూమన్ తెచ్చిన ఒక లెక్కను కూడా ఈ యంత్రం మీద నడిపారు. అది అణుబాంబు తయారీకి సంబంధించిందన్న సంగతి అక్కడివాళ్లకు ఆ తర్వాత కానీ తెలియలేదు. ఐకెన్ ఆమెకు మరో పనీ అప్పగించారు. యంత్రాన్ని ఎలా నడపాలో పుస్తకం రాయమన్నారు. 500 పేజీలు దాటిన ఆ పుస్తకం 1946లో వచ్చింది. కంప్యూటర్‌ను ఎలా వాడాలో చెప్పిన తొలి పుస్తకాల్లో అదొకటి.

నోటు పుస్తకాల్లో పుట్టిన ఆలోచన

ఆమె జీవితంలోని అసలు మలుపు ఒక పెద్ద సిద్ధాంతం నుంచి రాలేదు. రోజువారీ చిరాకు నుంచి వచ్చింది.

మార్క్-1కు ఆజ్ఞలు కాగితపు టేపు మీద చిల్లులుగా ఇవ్వాలి. ఒక సంఖ్యకు సైన్ విలువ కనుక్కోవాలంటే ఏ చిల్లు తర్వాత ఏ చిల్లు అన్నది వరసగా రాయాలి. ఒకసారి సరిగ్గా పనిచేసిన ముక్కను ప్రోగ్రామర్లు తమ నోటు పుస్తకాల్లో దాచుకునేవారు. పక్కవారికి కావాల్సివస్తే ఆ పుస్తకం తీసుకుని ఎత్తి రాసుకునేవారు. మన ఇళ్లల్లో అమ్మమ్మ పచ్చడి కొలతలు ఒకరి నుంచి ఒకరు రాసుకున్నట్టన్నమాట. అందులో గిద్దెడు అన్నది ఎవరి చేతిలోనో సోలెడు అయితే ఆ ఏడు ఆవకాయ ఏమవుతుందో మనకు తెలుసు. అక్కడా అదే జరిగేది. రాసేటప్పుడు ఒక అక్షరం మరో అంకెలా కనబడేది. పాత ముక్కను కొత్త ప్రోగ్రాంలో పెట్టాలంటే అందులోని చిరునామాలన్నిటికీ ఒక అంకె కలపాలి. ఆ కూడికల్లో తప్పులు దొర్లేవి.

ఆమె గమనించింది ఇదీ. ప్రోగ్రామర్లు ఎంత తెలివైనవారైనా చూసి రాయడంలో, కూడటంలో తప్పులు చేస్తారు. కంప్యూటర్ తప్పకుండా చేయగలిగిన పనులు సరిగ్గా ఆ రెండే. అలాంటప్పుడు ఆ పని మనిషి ఎందుకు చేయాలి? ఆ ప్రశ్నకు సమాధానం రూపం తీసుకోవడానికి మరో ఐదారేళ్లు పట్టింది.

హార్వర్డ్ రోజులకే సంబంధించిన మరో కథ అందరూ చెబుతుంటారు. 1947 సెప్టెంబర్ 9న మార్క్-2 యంత్రంలో ఒక రిలే మధ్య రెక్కల పురుగు ఇరుక్కుని పని ఆగింది. దాన్ని తీసి లాగ్‌బుక్‌లో అతికించారు. కంప్యూటర్ తప్పుకు బగ్ అన్న పేరు పెట్టింది హాపరేనని, అది ఆరోజే పుట్టిందని ప్రచారం. నిజానికి యంత్రాల్లోని లోపాలను ఇంజినీర్లు అంతకు చాలా ముందు నుంచే అలా పిలిచేవారు. పురుగును పట్టింది కూడా ఆమె అని చెప్పలేం. ఆ కథను ఊరూరా చెప్పి బతికించింది మాత్రం ఆమే. పురుగుతో సహా ఆ పుస్తకం ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ సంస్థకు చెందిన అమెరికా చరిత్ర మ్యూజియంలో ఉంది.

చెక్‌బుక్ లెక్క తప్పింది

యుద్ధం ముగిసింది. 1945లో వివాహబంధం విడాకులతో ముగిసింది. హార్వర్డ్‌లో పరిశోధకురాలిగా కొనసాగినా అక్కడ శాశ్వత ఉద్యోగం దొరకలేదు. ఆ ఏళ్లు ఆమెకు కష్టకాలం. మద్యం అలవాటు శ్రుతిమించి, కుంగుబాటుతో కొంతకాలం సతమతమయ్యారని జీవితచరిత్రకారులు రాశారు. స్నేహితులు ఆదుకున్నారు. ఆమె పని కూడా ఆదుకుంది.

1949లో ఫిలడెల్ఫియాలోని ఎకర్ట్-మాక్లీ కంప్యూటర్ కార్పొరేషన్‌లో చేరారు. అప్పటికి ఆమె వయసు 42. పేరున్న విశ్వవిద్యాలయం వదిలి, రేపు ఉంటుందో లేదో తెలియని చిన్న కంపెనీలోకి రావడమంటే ఇవాళ్టి లెక్కలో స్టార్టప్‌లోకి దూకినట్టే. ఆ కంపెనీని 1950లో రెమింగ్టన్ రాండ్ కొనేసింది. అక్కడే తయారైన యూనివాక్ కంప్యూటర్ 1951లో అమెరికా జనాభా లెక్కల శాఖ చేతికి వెళ్లింది.

ఆ కంపెనీ అంతకుముందు చేసిన బైనాక్ అనే కంప్యూటర్‌కు ప్రోగ్రాం రాయాలంటే ఎనిమిది అంకెల లెక్క రావాలి. మనం పది దగ్గర చేతిలో ఉంచుకునే ఒకటిని అందులో ఎనిమిది దగ్గరే ఉంచుకోవాలి. ఆమె ఆ లెక్క బాగా నేర్చుకున్నారు. ఎంత బాగా అంటే, నెలాఖరులో తన చెక్‌బుక్ లెక్క బ్యాంకు లెక్కతో కుదరడం మానేసింది. ఎన్నిసార్లు చూసినా తేడా తేలలేదు. చివరకు బ్యాంకులో పనిచేసే తమ్ముడు పట్టుకున్నాడు. అక్కగారు అప్పుడప్పుడూ ఎనిమిది లెక్కలో తీసివేతలు చేస్తున్నారు.

అందరూ నవ్వుకుని వదిలేసే సంగతి ఇది. ఆమె వదల్లేదు. రెండు లోకాల మధ్య తాను ఇలా నలిగిపోవడమెందుకు, యంత్రం కోసం మనిషి తన లెక్క మార్చుకోవడమెందుకు అని ఆలోచించారు. మనిషి లెక్కనే యంత్రం నేర్చుకోవాలి. ఆ తర్వాత ఆమె చేసిన పనులన్నీ ఈ ఒక్క పట్టుదల చుట్టూనే తిరిగాయి.

ఎవరూ ముట్టుకోని కంపైలర్

1952 నాటికి ఆమె ఏ-0 అనే ప్రోగ్రాం సిద్ధం చేశారు. ఇవాళ్టి అర్థంలో అది పూర్తి కంపైలర్ కాదు. కానీ మెలకువ అంతా అందులో ఉంది. పరీక్షించి సరిచూసిన చిన్న ప్రోగ్రాం ముక్కలన్నిటికీ నంబర్లు వేసి టేపు మీద పెట్టారు. ప్రోగ్రామర్ చేయాల్సింది ఏ నంబరు ముక్క కావాలో, ఏ విలువలు తీసుకోవాలో వరసగా చెప్పడమే. ఆ ముక్కలను టేపు మీది నుంచి తెచ్చుకోవడం, చిరునామాలు కూడుకోవడం, ఒకదానికొకటి అతికించడం యంత్రం వంతు. నోటు పుస్తకం నుంచి ఎత్తి రాసే పని యంత్రానికి వెళ్లింది.

ఒక చిక్కు మాత్రం ఆమెను ఇబ్బందిపెట్టింది. యూనివాక్‌లో జ్ఞాపకశక్తి వెయ్యి పదాలే. ప్రోగ్రాం నడుస్తూ ఇంకా తయారుకాని ముందు భాగానికి దూకాల్సి వస్తే, ఆ చోటు ఎక్కడుంటుందో అప్పటికి తెలియదు. చదువుకునే రోజుల్లో ఆడిన బాస్కెట్‌బాల్ అక్కడ గుర్తొచ్చింది. బంతి పట్టుకుని పరుగెత్తకూడదు కాబట్టి ముందున్న జట్టు పిల్లకు విసిరి, తాను ముందుకు పరుగెత్తి, ఆమె దగ్గర తిరిగి అందుకునేవారు. అలాగే మెమరీలో ఒక మూల ఖాళీగా ఉంచారు. చోటు తెలియని దూకుడు ముందు ఆ మూలకు వెళుతుంది. అసలు చోటు తెలిశాక అక్కడి నుంచి దారి చూపే ఆజ్ఞ ఆ మూలలో పడుతుంది. లెక్క కుదిరింది.

పనిచేసే కంపైలర్ చేతిలో ఉన్నా ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. కంప్యూటర్లు లెక్కలు మాత్రమే చేస్తాయని, ప్రోగ్రాములు రాయలేవని అందరూ ఆమెకు చెప్పారు. 1952 మేలో పిట్స్‌బర్గ్‌లో జరిగిన కంప్యూటర్ నిపుణుల సమావేశంలో ఆమె పత్రం సమర్పించారు. దాని పేరులోనే కంప్యూటర్‌కు చదువు చెప్పడమన్న భావం ఉంది. 1954లో నౌకాదళ పరిశోధన కార్యాలయం తరఫున వాషింగ్టన్‌లో ఆటోమేటిక్ ప్రోగ్రామింగ్ మీదే ఒక సదస్సు జరగడంలో ఆమెది ముఖ్యపాత్ర. ఐబీఎంలో ఫోర్‌ట్రాన్ తయారుచేసిన జాన్ బ్యాకస్ కూడా అందులో పాల్గొన్నారు.

ఎదురుదెబ్బ బయటి నుంచే కాదు, సొంత వృత్తివారి నుంచీ వచ్చింది. యంత్రం రాసే కోడ్ మనిషి రాసినంత పొందికగా ఉండదని కొందరి వాదన. ఒక్కో నిమిషానికీ బోలెడు ఖర్చయ్యే కంప్యూటర్ సమయాన్ని కంపైలర్‌కు వృథా చేయాలా అని మరికొందరి ప్రశ్న. వీటిలో న్యాయం లేకపోలేదు. కానీ వాటి వెనక చెప్పని భయం ఇంకొకటి ఉంది. యంత్రం గుట్టు తెలిసినవాళ్లు అప్పట్లో కొద్దిమందే. గర్భగుడిలోకి అర్చకులే వెళ్లినట్టు వాళ్లకే ఆ ప్రవేశం. తలుపులు తెరిస్తే తమ విలువ ఏమవుతుంది?

హాపర్ చేసిన పని తలుపులు తెరవడమే. ఏ-2 అనే తర్వాతి రూపాన్ని వాడేవారికి దాని కోడ్‌తో సహా ఇచ్చి, మెరుగుపరిస్తే తమకు తిరిగి పంపమన్నారు. ఓపెన్ సోర్స్ అన్న పేరు పుట్టక చాలా ముందటి మాట ఇది.

ఫ్రెంచ్, జర్మన్ అర్థమైన కంప్యూటర్

ఇంజినీర్లకు గణిత చిహ్నాలు చాలు. కానీ కంప్యూటర్లు కొంటున్నవారిలో బీమా కంపెనీలు, ఫ్యాక్టరీలు ఎక్కువయ్యాయి. జీతాల పట్టీలు, గోదాముల్లో సరుకు లెక్క చూసేవారికి చిహ్నాలంటే మొహం మొత్తేది. వాళ్లకు మామూలు ఇంగ్లిష్ మాటలతో ప్రోగ్రాం రాసుకునే వీలుండాలని ఆమె అడిగారు. కంప్యూటర్‌కు ఇంగ్లిష్ రాదని పైవాళ్లు కొట్టిపారేశారు.

ఆమె చర్చ పెట్టుకోలేదు, చేసి చూపించారు. ఇంగ్లిష్ మాటలతో నడిచే చిన్న నమూనా తయారుచేశారు. అవే ఆజ్ఞల్లోని మాటలను ఫ్రెంచ్‌లోకి మార్చి నడిపారు. తర్వాత జర్మన్‌లోకి మార్చి నడిపారు. యంత్రానికి ఏ భాషా తెలియదు, మాటలు దానికి గుర్తులు మాత్రమేనని, అందుకే ఏ మాటైనా ఒకటేనని నిరూపించడమే ఉద్దేశం. ఫలితం తలకిందులైంది. ఫిలడెల్ఫియాలో తయారైన అమెరికన్ కంప్యూటర్‌కు ఫ్రెంచ్, జర్మన్ రావడమేమిటని యాజమాన్యం కంగారుపడింది. ఇంగ్లిష్ ఒక్కటే పెడతామని సర్దిచెప్పడానికి నెలలు పట్టింది.

ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఇంగ్లిష్, గల్ఫ్‌లో అయితే మధ్యలో అరబిక్‌తో బతికే మనకు ఈ సంఘటన వేరేగా తోస్తుంది. ఆమె చెప్పింది నిజమని ఆరోజే నమ్మి ఉంటే, తెలుగు మాటలతో ప్రోగ్రాం రాయడం యంత్రానికి ఎప్పుడూ అడ్డు కాదు. అడ్డు మనుషుల ఊహలోనే ఉంది. ఇవాళ తెలుగులో అడిగినా కోడ్ రాసిచ్చే ఏఐ పరికరాలు వచ్చాక ఆ మాట ఇంకా బాగా అర్థమవుతుంది.

ఆ నమూనా నుంచే 1950ల చివరికి ఫ్లో-మాటిక్ వచ్చింది. వ్యాపార లెక్కల కోసం ఇంగ్లిష్ మాటలతో నడిచిన తొలి భాష అది. సమాచారం ఏ రూపంలో ఉందన్న వివరణను, దానితో ఏం చేయాలన్న ఆజ్ఞలను విడివిడిగా రాయడం దాని ప్రత్యేకత.

కోబాల్ తల్లి ఎవరు?

ఒక్కో కంపెనీ కంప్యూటర్‌కు ఒక్కో భాష ఉండేది. యంత్రం మారిస్తే ప్రోగ్రాములన్నీ మళ్లీ మొదటి నుంచి రాయాలి. అందరికీ ఒకే వ్యాపార భాష ఉండాలని మొదట గట్టిగా అడిగినవారు బరోస్ కంపెనీకి చెందిన మేరీ హాస్. 1959 ఏప్రిల్‌లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కొందరు నిపుణులు కలిశారు. హాపర్ సూచనతో రక్షణ శాఖ సాయం కోరారు. మే నెలాఖరులో పెంటగాన్‌లో దాదాపు 40 మందితో సమావేశం జరిగింది. అలా పుట్టింది కోబాల్.

హాపర్‌ను కోబాల్ తల్లి అంటారు. కానీ భాషను కూర్చినవారు కమిటీలో పనిచేసిన జీన్ సామెట్ వంటి అనేకమంది. హాపర్ సలహాదారు మాత్రమే. అయితే కమిటీ ముందు అప్పటికే పనిచేస్తున్న వ్యాపార భాషగా నిలిచింది ఫ్లో-మాటిక్. అందులోని చాలా సంగతులు కోబాల్‌లోకి వచ్చాయి. అందుకే తల్లి అనడం కంటే అమ్మమ్మ అంటే సరిగ్గా ఉంటుంది.

కమిటీ పని ఎంతకూ తెమలక, విసిగిన ఒక సభ్యుడు కోబాల్ పేరు చెక్కించిన సమాధి రాయి కొని పెంటగాన్ అధికారికి పంపాడు. ఆ రాయి ఇప్పుడు కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో ఉంది. కోబాల్ మాత్రం చావలేదు. 1960 డిసెంబర్‌లో దాదాపు ఒకే ప్రోగ్రాం రెండు వేర్వేరు కంపెనీల కంప్యూటర్ల మీద నడిచింది. అమెరికా ప్రభుత్వం తాను తీసుకునే కంప్యూటర్లకు కోబాల్ కావాలనడంతో తయారీదారులందరూ దారికొచ్చారు.

పండితులకు ఆ భాష నచ్చలేదు. అది నేర్చుకుంటే బుర్ర చెడుతుందని డైక్‌స్ట్రా వంటి శాస్త్రవేత్త ఈసడించారు. బ్యాంకులు, బీమా సంస్థలు, ప్రభుత్వ కార్యాలయాలు మాత్రం దాన్నే పట్టుకుని నడిచాయి.

60 ఏళ్లకు మళ్లీ పిలుపు

1966 చివర్లో వయసు కారణంగా నౌకాదళ రిజర్వు నుంచి ఆమెకు విశ్రాంతి ఇచ్చారు. ఏడు నెలలు తిరిగేసరికి మళ్లీ పిలిచారు. నౌకాదళంలో ఒక్కో విభాగం ఒక్కో రకం కోబాల్ వాడుతోంది. దాన్ని గాడిలో పెట్టడానికి ఆరు నెలలకు రమ్మన్నారు. ఆ ఆరు నెలలు 19 ఏళ్లు అయ్యాయి.

ఈ భాగం గురించి తక్కువ చెప్పుకుంటారు కానీ, ఇవాళ్టికి ఎక్కువ పనికొచ్చేది ఇదే. ఒక కంపైలర్ సరైనదేనా కాదా అన్నది అమ్మేవాడి మాట మీద నమ్మకూడదని ఆమె బృందం తీర్మానించింది. పరీక్షా ప్రోగ్రాములు తయారుచేసి ప్రతి కంపైలర్‌నూ వాటితో నడిపి చూసేవారు. నిలిచినదే కోబాల్, తప్పినది కాదు. యంత్రానికి పని అప్పగించాక, అది చేసిన పనిని సరిచూసే బాధ్యత మనిషిది. కోడ్ రాయించడం ఒక ఎత్తు, రాసినది సరైనదని తేల్చడం మరో ఎత్తు.

ఆ ఏళ్లలోనే ఆమె దేశమంతా తిరిగి ఉపన్యాసాలిచ్చారు. దాదాపు అడుగు పొడవు తీగముక్కలు పంచిపెట్టేవారు. సెకనులో వందకోట్లో వంతు కాలంలో వెలుతురు వెళ్లగలిగేది అంత దూరమే అని చేతిలో పెట్టి చూపడం ఆమె పద్ధతి. ఎప్పుడూ ఇలాగే చేశాం కాబట్టి ఇలాగే చేయాలన్న మాట అంటే ఆమెకు గిట్టదు. అందుకే ఆఫీసులో వెనక్కి తిరిగే గడియారం పెట్టుకున్నారు. అలవాటైతే అదీ సమయం సరిగ్గానే చెబుతుంది.

1983లో టీవీ కార్యక్రమంలో ఆమె గురించి చూశాక చట్టసభ సభ్యుడొకరు పూనుకోవడంతో పదోన్నతి దక్కింది. 1985లో ఆ హోదాయే రియర్ అడ్మిరల్‌గా మారింది. 1986 ఆగస్టు 14న బోస్టన్‌లో యూఎస్‌ఎస్ కాన్‌స్టిట్యూషన్ అనే పాత యుద్ధనౌక మీద వీడ్కోలు పలికారు. అప్పటికి 79 ఏళ్లు. అమెరికా దళాల్లో క్రియాశీలంగా ఉన్న అధికారుల్లో అందరికంటే పెద్దవారు ఆమే. ఆ తర్వాత కూడా ఇంట్లో కూర్చోకుండా డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో సలహాదారుగా చేరారు. 1992 జనవరి 1న వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌లో కన్నుమూశారు. సైనిక లాంఛనాలతో ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో ఖననం చేశారు. ఆమె పేరుతో ఒక యుద్ధనౌక ఉంది. యేల్‌లో ఒక కాలేజీకి 2017లో ఆమె పేరు పెట్టారు. 2016లో అమెరికా అత్యున్నత పౌర పురస్కారం మరణానంతరం ఆమెకు దక్కింది.

అమీర్‌పేట దాకా వచ్చిన భాష

ఆమె వెళ్లిపోయిన కొన్నేళ్లకు ఆ పని ఫలం మన ఊళ్ల దాకా వచ్చింది. మెమరీ పొదుపు కోసం పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని చివరి రెండంకెలతోనే రాసుకునేవారు. 2000 వస్తే కంప్యూటర్ దాన్ని 1900 అనుకుంటుంది. లెక్కలేనన్ని కోబాల్ ప్రోగ్రాములను వరసవరసగా చదివి దిద్దాలి. అంతమంది మనుషులు అమెరికాలో లేరు. హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో మెయిన్‌ఫ్రేమ్, కోబాల్ కోర్సులకు జనం కిటకిటలాడారు. మెకానికల్, సివిల్ చదివినవారూ కొన్ని నెలల్లో నేర్చుకుని వచ్చారు. అమెరికా 1999, 2000 సంవత్సరాలకు హెచ్-1బీ కోటాను 65,000 నుంచి 1,15,000కు పెంచింది. ఇవాళ న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో మన పెద్దవాళ్లుగా ఉన్న ఎందరో ఆ అలలో వచ్చినవారే.

మామూలు మాటల్లో ప్రోగ్రాం ఉంటే ఎక్కువమంది చేయగలరన్న హాపర్ నమ్మకమే ఆ తలుపు. యంత్రభాషలోనే ప్రపంచం ఆగిపోయి ఉంటే ఖమ్మం నుంచో, తెనాలి నుంచో వచ్చిన కుర్రాడు కొన్ని నెలల్లో ఒక అమెరికన్ బ్యాంకు కోడ్ చదవగలిగేవాడు కాదు. ఆ కోడ్ ఇంకా నడుస్తూనే ఉంది. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ వేళ నిరుద్యోగ భృతి వ్యవస్థ దరఖాస్తుల భారం మోయలేకపోతే, కోబాల్ తెలిసినవారు సాయానికి రావాలని న్యూజెర్సీ గవర్నర్ బహిరంగంగా కోరాల్సి వచ్చింది.

పోయిందేమిటి, మిగిలిందేమిటి

కంపైలర్ వచ్చినా ఎవరి ఉద్యోగమూ పోలేదని చెబితే అది అబద్ధమవుతుంది. 1950ల్లో ఒకరు లెక్క ఆలోచించి గీసిస్తే, దాన్ని అంకెల కోడ్‌లోకి మార్చడానికి వేరే మనుషులుండేవారు. ఆ రెండో బల్ల క్రమంగా కనుమరుగైంది. అక్కడే ఉండిపోయినవారికి చోటు లేకపోయింది. మొదటి బల్ల మాత్రం ఎంతో పెద్దదైంది. ప్రోగ్రాం చౌక అయ్యేకొద్దీ, ఇదివరకు ప్రోగ్రాం అక్కర్లేదనుకున్న పనులకు కూడా జనం ప్రోగ్రాం అడగడం మొదలుపెట్టారు.

మరో సంగతి. ఇంగ్లిష్ మాటల్లో రాసే వీలొస్తే మేనేజర్లే సొంతంగా ప్రోగ్రాములు రాసుకుంటారని కోబాల్ రోజుల్లో కొందరు ఆశపడ్డారు. అలా జరగలేదు. మాటలు తేలికయ్యాయి కానీ, అసలు ఏం కావాలో తేల్చుకోవడం తేలిక కాలేదు. జీతం నెల మధ్యలో పెరిగితే కోత ఎలా వేయాలి, లీపు సంవత్సరంలో వడ్డీ ఎలా లెక్కించాలి, ఇలాంటివి ముందే ఆలోచించి పెట్టేవాడు ఎప్పుడూ కావాల్సి వచ్చాడు.

ఇప్పటి ఏఐ కూడా సరిగ్గా ఇదే దారిలో వెళుతుందని గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. కంపైలర్‌కు ఒకే మాట ఇస్తే ఒకే జవాబు వచ్చేది, ఏఐతో అలా కాదు. కాబట్టి సరిచూసే పని ఇంకా పెరుగుతుంది. వీసా గడువు నెత్తిమీద ఉన్న కుటుంబానికి ఇరవై ఏళ్ల తర్వాత అంతా సర్దుకుంటుందన్న మాట ఊరటా కాదు. కానీ హాపర్ బతుకు చెప్పే ఒక విషయం మన పిల్లలకు చెప్పొచ్చు. ఆమె యంత్రానికి వదిలేసింది చూసి రాయడాన్ని, కూడటాన్ని. తన దగ్గర ఉంచుకున్నది వాడేవారికి ఏం కావాలో అడగడాన్ని, వచ్చినదాన్ని పరీక్షించడాన్ని. అందుకే 42 ఏళ్లకు కొత్త కంపెనీలో, 60 దాటాక మళ్లీ నౌకాదళంలో, 79 తర్వాత ఇంకో కొలువులో ఆమెకు పని తరగలేదు.

ఇంట్లో కంప్యూటర్ సైన్స్ చదువుతున్న పిల్ల ఉంటే ఏ భాష నేర్చుకుంటున్నావని అడగడం మామూలే. దానితోపాటు ఎవరి ఇబ్బంది తీరుస్తున్నావని, అది తీరిందని ఎలా తేల్చుకున్నావని కూడా అడిగి చూడండి.